ఎదురుగా కూర్చుని నేర్చుకున్న గిటార్

“ఎవరికి మేడం, బాబుకా?” అని అడిగాడు షాపతను. నా పక్కన ఉన్నది నా కూతురు. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, గులాబీ రంగు గౌను. నా వేలు పట్టుకుని నిలబడింది. షాపులో మరో పిల్లవాడు లేడు. అయినా మా ఇద్దరికీ అవతల ఎక్కడో అతనికి ఒక బాబు కనిపించాడు. నేను వచ్చింది గిటార్ కొనడానికి కూడా కాదు. ఇంట్లో ఉన్న నా గిటార్‌కు తీగ తెగితే కొత్త తీగల కోసం వచ్చాను. “నాకే” అన్నాను. “అచ్ఛా, అచ్ఛా” అంటూ నవ్వి లోపలికి వెళ్లాడు. ఆ నవ్వులో చెడు ఏమీ లేదు. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది. చెడ్డవాడైతే ఒక మాట అని వచ్చేసేదాన్ని.

ఖమ్మం బజారులో ఆ షాపు ఇంకా ఉంటుందనుకోలేదు. బోర్డు మారింది, అద్దాల తలుపు వచ్చింది, ముసలి సేటు కూర్చునే చోట ఇప్పుడు ఆయన కొడుకు, నన్ను అడిగినతనే, కూర్చుంటున్నాడు. మోత మాత్రం మారలేదు. ఒకతను మైకు పట్టుకుని “హలో, చెక్, హలో” అంటున్నాడు, ఇంకొకతను కీబోర్డు మీద అన్ని రకాల తాళాలూ ఒకదాని తర్వాత ఒకటి నొక్కి చూస్తున్నాడు, మూలన ఎవరో డ్రమ్ము బిగిస్తూ మధ్యమధ్య దాన్ని బాదుతున్నారు. పిల్ల చెవులకు ఏమైనా అవుతుందేమోనని నా రెండు అరచేతులూ దాని చెవుల మీద పెట్టాను. అలా వంగి నిలబడినప్పుడు, ఇదే షాపులో, ఇదే మోతలో, తొమ్మిదో తరగతి చదివే నేను నిలబడిన చోటు కనిపించింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ రోజు తలచుకుంటే నాకు దుఃఖం రాదు, కోపమే వస్తుంది. ఇల్లంతా పడుకున్నాక, పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం లేదని చూసుకుని, ఆ కోపాన్ని ఇక్కడ రాస్తున్నాను.

మాది జూలూరుపాడు. నాన్న కరెంటాఫీసులో లైన్‌మన్. గాలివాన వస్తే అందరూ ఇళ్లలోకి పరిగెత్తేవాళ్లు, మా నాన్న బయటికి వెళ్లేవాడు. ఆయన చేతులకు ఎప్పుడూ రబ్బరు గ్లవుజుల వాసన ఉండేది. అన్నం కలిపి ముద్ద పెట్టినా ఆ వాసనే వచ్చేది. అమ్మ వరండాలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు, గౌన్లు కుట్టేది. మా ఇల్లంతా మిషను నూనె వాసన, కొత్త బట్టల గంజి వాసన. క్రిస్మస్ ముందు నెలలో ఇంట్లో కాలు పెట్టే చోటు ఉండేది కాదు. చుట్టుపక్కల పత్తి ఏరే పని సాగుతుండేది కాబట్టి ఆడవాళ్లు చీకటి పడ్డాకే కొలతలకు వచ్చేవాళ్లు, వాళ్ల కొంగులకు పత్తి పింజలు అంటుకుని ఉండేవి. రాత్రి అన్నాలకు ముందు మాకు కుటుంబ ప్రార్థన. నాన్న వాక్యం చదివేవాడు, నేను పాట ఎత్తుకునేదాన్ని, అమ్మ కళ్లు మూసుకుని కూర్చునేది. కానీ ఆమె కుడికాలు మాత్రం అలవాటు కొద్దీ నేల మీద మిషను తొక్కుతూనే ఉండేది. ప్రార్థన పొడవైతే ఆ కాలు వేగం పెరిగేది. నాన్నకు అది కనిపించగానే “ఆమెన్” అనేవాడు.

మా చర్చిలో చాపల మీద కూర్చునేవాళ్లం. మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు. పాస్టరుగారి అబ్బాయి సుధాకరన్న వేదిక పక్కన మాకు ఎదురుగా కుర్చీ వేసుకుని గిటార్ వాయించేవాడు. మగపిల్లలు ఆయన చుట్టూ చేరి కూర్చునేవాళ్లు. ఆడపిల్లలు వేదిక దాటి అటు వెళ్లకూడదు. ఎక్కడా రాసి పెట్టిన నియమం కాదు, ఎవరూ దాటలేదు కాబట్టి ఎవరూ దాటకూడదంతే. ఒకసారి ధైర్యం చేసి “అన్నా, గిటార్ చూపిస్తవా?” అని అడిగాను. “ఆరాధన అయినంక చూపిస్త చెల్లె” అన్నాడు. మంచివాడే. కానీ ఆరాధన అయిపోగానే చాపలు దులిపి చుట్టే పని ఆడపిల్లలది. చాపలన్నీ చుట్టి మూలన పెట్టి వచ్చేసరికి మగపిల్లలు గిటార్‌ను ఒడిలోంచి ఒడికి మార్చుకోవడం కూడా అయిపోయేది, అది సంచిలోకి వెళ్లిపోయేది. ప్రతి ఆదివారం ఇంతే. చాపలు దులిపే పని ఎవరు పెట్టారో గానీ, బాగా లెక్క చూసి పెట్టారు అనిపిస్తుంది ఇప్పుడు.

కాబట్టి నేను కూర్చున్న చోటి నుంచే నేర్చుకున్నాను. ఆడవాళ్ల వైపు మొదటి వరసలో కూర్చుని, పాట పాడుతూనే సుధాకరన్న వేళ్లు చూసేదాన్ని. ఏ పాటకు ఏ మాట దగ్గర వేళ్లు ఎలా మారుతున్నాయో మనసులో పెట్టుకునేదాన్ని. ఇంటికి వచ్చి అమ్మ చెక్క స్కేలు తీసుకుని, బట్ట మీద గుర్తులు పెట్టే సుద్దతో దాని మీద ఆరు గీతలు నిలువుగా గీసి, అడ్డగీతలు కూడా గీసి, చూసింది చూసినట్టు వేళ్లు పెట్టేదాన్ని. ఆ స్కేలు మీది సుద్ద ఎవరిదో పట్టు జాకెట్టుకు అంటుకుంటే అమ్మ అరిచింది. “ఏందే ఇది? నా స్కేలు మీద ఈ రోడ్లేంది?” అంది. గిటార్ అన్నాను. అమ్మ స్కేలు అటూ ఇటూ తిప్పి చూసి, “గట్లయితే పాత స్కేలు తీసుకో, కొత్తది ముట్టకు” అంది. అంతకంటే పెద్ద అనుమతి నాకు జీవితంలో ఎవరూ ఇవ్వలేదు.

ఆ సంవత్సరం సుధాకరన్నకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. ఆయన గిటార్ ఆయనతోపాటే వెళ్లిపోయింది. క్రిస్మస్‌కు పాటలు ఎలా అని సంఘంలో మాట వచ్చింది. సంఘపెద్ద ప్రకాశం పెదనాన్న, చుట్టం కాదు గానీ చర్చిలో మేమంతా అలాగే పిలిచేవాళ్లం, “సంఘం తరపున కొత్త గిటార్ కొందాం. మా విజయ్ నేర్చుకుంటడు” అన్నాడు. విజయ్ నా క్లాసే. తాళానికి చప్పట్లు కొట్టడం కూడా వాడికి రాదు. నేను చాప మీద నుంచి లేచి నిలబడ్డాను. “పెదనాన్నా, నాకొచ్చు” అన్నాను. మగవాళ్ల వైపు నుంచి నవ్వు వచ్చింది. ఆడవాళ్ల వైపు నుంచి కూడా వచ్చింది, అది ఇంకా గుచ్చుకుంది. “నీకెట్లొస్తది బిడ్డా, ఎన్నడన్న ముట్టుకున్నవా?” అని అడిగాడాయన. మా నాన్న మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు ఎందుకో లేచాడు. “షాపుకు తోలుకపోదాం అన్నా. వాయిస్తదో లేదో ఆడ తెలుస్తది గద” అన్నాడు. పెదనాన్న ఒప్పుకున్నాడు. “సరే. వాయించి చూపిస్తే గిటార్ ఆమె చేతికే. లేకుంటే మా వాడు పడతడు. అందరు విన్నరు గద?” అన్నాడు.

నలుగురం ఖమ్మం బస్సు ఎక్కాం: నాన్న, నేను, పెదనాన్న, విజయ్. ఏన్కూరు దాటి, తల్లాడ దాటి, వైరా దాటి బస్సు వెళ్తున్నంతసేపూ నేను ముందు సీటు కడ్డీ మీద వేళ్లు పెడుతూనే ఉన్నాను. విజయ్ కిటికీ పక్కన నిద్రపోయాడు. వాడికి దేనికీ భయం లేదు, ఉండాల్సిన అవసరం కూడా లేదు.

షాపులో అడుగు పెట్టగానే చెవులు పగిలే మోత. బోనకల్ వైపు నుంచి వచ్చిన ఒక పెళ్లి బ్యాండు వాళ్లు కొత్త డ్రమ్ములు బేరం చేస్తున్నారు. ఒకాయన పెద్ద డ్రమ్ము మెడలో వేసుకుని బాదుతుంటే, ఇంకొకాయన తాళాలు మోగిస్తున్నాడు, మూడో ఆయన బాకా ఊది ఊది కళ్లు ఎర్ర చేసుకున్నాడు. సేటు ఆ మధ్యలో టీ తాగుతూ కూర్చున్నాడు. గోడకు వేలాడుతున్న గిటార్లలోంచి ఒకటి తీసి, తుడిచి, నేరుగా విజయ్ చేతిలో పెట్టాడు. “మా బిడ్డకు” అని నాన్న అరిచి చెప్పాల్సి వచ్చింది. సేటు నా వైపు చూసి, “బేటీకా? వేళ్లు కోసుకపోతయ్ బేటా, కీబోర్డ్ చూస్తవా?” అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను.

గిటార్ నా ఒడిలోకి వచ్చింది. జీవితంలో మొదటిసారి. కొత్త వార్నిష్ వాసన, ఊహించిన దానికంటే పెద్దది, చల్లగా ఉంది. నేను ఇన్నాళ్లూ పట్టుకున్నట్టే పట్టుకున్నాను. గిటార్ మెడ కుడివైపుకు, కుడిచేతి వేళ్లు ఆ మెడ మీది తీగలను నొక్కుతూ, ఎడమచేత్తో మీటడానికి సిద్ధంగా. సేటు టీ గ్లాసు కింద పెట్టాడు. “ఉల్టా, ఉల్టా! ఉల్టా పట్టుకున్నవ్ బేటా” అన్నాడు. డ్రమ్ము బాదుతున్నాయన బాదడం ఆపకుండానే నా వైపు తిరిగి నవ్వాడు. విజయ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. “ఇదా నీకొచ్చింది?” అన్నాడు పెదనాన్న.

నాకు ఏమీ అర్థం కాలేదు. సుధాకరన్న గిటార్ మెడ నాకు కుడివైపే కనిపించేది. నేను కుడివైపే పట్టుకున్నాను. అద్దంలో చూస్తూ జడ వేసుకున్నట్టు, ఎదురుగా కూర్చుని చూసిందంతా నేను అద్దంలో బొమ్మలా నేర్చుకున్నానని చెప్పేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. అయినా వేళ్లు పెట్టి మీటాను. నాకు తెలిసిన పాట కాదు, ఏదో గలాటా బయటికి వచ్చింది. అది కూడా నాకే తెలిసింది, నా ఛాతీకి ఆనించుకున్నాను కాబట్టి. ఆ డ్రమ్ముల మధ్య ఇంకెవరికీ ఒక్క స్వరం వినపడలేదు. వాళ్లు నా తప్పును చెవులతో వినలేదు, కళ్లతో చూసి తీర్పు చెప్పారు. సేటు గిటార్ తిప్పి మెడ నా ఎడమచేతిలో పెట్టాడు. నా ఎడమచేతికి ఏమీ తెలియదు. స్కేలు మీద నేర్చుకున్నదంతా కుడిచేతిలో ఉండిపోయింది.

“పెదనాన్నా, నాకు పాటలన్నీ తెలుసు. చేతులు మార్చుకుంట. కొన్ని రోజులియ్యి” అన్నాను, మోత మీదుగా అరుస్తూ.

“క్రిస్మస్ నెత్తి మీదున్నది బిడ్డా. ఇప్పుడు నేర్చుకునుడేంది?” అన్నాడాయన. తర్వాత గిటార్ విజయ్‌కి ఇచ్చాడు. వాడు సరైన వైపు పట్టుకున్నాడు, ఆరు తీగలనూ ఒకేసారి బరబరా గీకాడు. డ్రమ్ముల మోతలో అది కూడా ఎవరికీ వినపడలేదు. “చూసిన్రా, ఎంత మంచిగ పట్టుకున్నడో. నేర్చుకుంటడు, నేర్చుకుంటడు” అన్నాడు పెదనాన్న. ఆ మాట అర్థం నాకు ఆ వయసులోనే తెలిసింది. విజయ్‌కి రానిది రేపు వచ్చేది. నాకు రానిది ఇక ఎప్పటికీ రానిది. వాడికి ఏ పాటకూ వేళ్లు ఎక్కడ పెట్టాలో తెలియదు, అయినా వాడికి కాలం ఉంది. నాకు అన్నీ తెలుసు, తలకిందులుగా తెలుసు, నాకు కాలం లేదు.

తిరుగు ప్రయాణంలో గిటార్ కొత్త సంచిలో విజయ్ ఒడిలో కూర్చుంది. తల్లాడలో బస్సు ఆగినప్పుడు నాన్న దిగి మిర్చిబజ్జీలు పొట్లం కట్టించుకుని వచ్చాడు. నేను ముట్టుకోలేదు. ఆయన కూడా తినలేదు. నూనె అంటిన కాగితం ఆయన చేతిలోనే చల్లారిపోయింది. నాన్న మీద కూడా నాకు కోపం వచ్చింది. కరెంటు స్తంభం ఎక్కడానికి భయపడని మనిషి “ఆమెకు గూడ కొన్ని రోజులియ్యిన్రి” అని ఒక్క మాట అనడానికి భయపడ్డాడు.

అమ్మ భయపడలేదు. జరిగింది విని మిషను మీద కుడుతున్న బట్ట తీసి పక్కన పెట్టింది. పెదనాన్న ఇంటివాళ్ల క్రిస్మస్ బట్టలు, ఇంకా కత్తిరించనివి, మా దగ్గరే ఉన్నాయి. మర్నాడు వాటిని మూటగట్టుకుని నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. పెదనాన్న భార్య బయటికి వచ్చింది.

“ఏందే, అప్పుడే అయినయా?” అంది.

“కాలే అక్కా. మీ విజయ్‌తోటి కుట్టించుకోన్రి” అంది అమ్మ.

“వానికి కుట్టుడెట్లొస్తదే?”

“నేర్చుకుంటడక్కా. మంచిగ నేర్చుకుంటడు” అని మూట గడప మీద పెట్టి వెనక్కి తిరిగింది. దారంతా నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. 

కానీ చిన్న ఊళ్లో పగ పట్టుకుని ఎన్ని రోజులు బతుకుతారు? ఆ క్రిస్మస్‌కు గిటార్ లేకుండానే పాడాం, విజయ్ ఒక్క పాట కూడా నేర్చుకోలేదు. పండగ తర్వాత పాస్టరమ్మగారు మా ఇంటికి వచ్చి, షాపులో ఇచ్చిన పల్చటి సంచి చిరిగిపోయి గిటార్‌కు దుమ్ము పడుతోంది, గట్టి బట్టతో కవరు కుట్టిపెట్టమని అమ్మను అడిగింది. ఆమెకు అమ్మ కాదనలేకపోయింది. అలా సంఘం గిటార్ ఒక మధ్యాహ్నం మా వరండాలోకి వచ్చింది. కొలతలు తీసే పని అమ్మ నాకు చెప్పి, కావాలనే అనుకుంటా, పక్కింటికి వెళ్లింది. టేపు పట్టుకుని పొడవు, వెడల్పు చూస్తూ తీగలను దగ్గరగా చూశాను. ఒక వైపు లావు తీగ, అక్కడి నుంచి సన్నబడుతూ రెండో చివర వెంట్రుకంత తీగ. నేను సుద్దతో గీసిన ఆరు గీతలూ ఒకే మందం. గిటార్‌ను నా పద్ధతిలో పట్టుకున్నాను. లావు తీగ కిందికి పోయింది. సుధాకరన్న ఒడిలో అది ఎప్పుడూ పైనే ఉండేది. అప్పుడు మొత్తం అర్థమైంది. నా వేళ్లలో తప్పు లేదు. తీగలు అటువైపువి ఇటు మారిస్తే చాలు, నాకు తెలిసిన పాటలన్నీ ఉన్నవి ఉన్నట్టు పలుకుతాయి.

ఆ సంగతి నాన్నకు చెప్పాను. ఈసారి ఆయన నిజంగానే పెదనాన్న దగ్గరికి వెళ్లాడు. “సంఘం వస్తువు తమ్మీ. ఒక్క ఆడపిల్ల కోసం తీగలు తిప్పుతమా? రేపు విజయ్ వాయించాలంటే?” అన్నాడట ఆయన. విజయ్ వాయించలేదు. గిటార్ అమ్మ కుట్టిన కవరులో, మగవాళ్ల వైపు గోడకు మేకుకు వేలాడింది. నేను ఇంటర్ అయ్యేదాకా, డిగ్రీకి కొత్తగూడెం వెళ్లేదాకా, ప్రతి ఆదివారం దాని ఎదురుగా కూర్చుని పాడాను. ఎవరూ వాయించని వస్తువును ఇంత జాగ్రత్తగా నా నుంచి కాపాడారు. దీన్ని చిన్న విషయం అంటారు మా ఆయన. “అప్పటి కాలం గట్లుండె, వదిలెయ్” అంటారు. అది రాజుల కాలమేమీ కాదు. ఊళ్లోకి సెల్‌ఫోన్లు వచ్చాయి, నేను స్కూల్లో కంప్యూటర్ పాఠం చదువుకున్నాను. కాలం అన్ని చోట్లా ముందుకు పోయింది, ఒక్క చాపల దగ్గర ఆగిపోయింది.

ఉద్యోగంలో చేరాక స్నేహితురాలి అన్న దగ్గర పాత గిటార్ కొనుక్కున్నాను. ఇంటికి తెచ్చిన రోజే తీగలన్నీ విప్పి అటువి ఇటు బిగించాను. లావు తీగ మెడ చివరనున్న సన్న గాడిలో కూర్చోనంటే అమ్మ బ్లేడుతో గాడిని గీకి గీకి వెడల్పు చేశాను. చేతులు మార్చుకోమని చాలామంది చెప్పారు. నేను మార్చుకోలేదు, తీగలనే మార్చాను. మొదటి పాట స్కేలు మీద నేర్చుకున్నదే. పలికింది. అమ్మ మిషను ఆపింది, కాలు మాత్రం నేల మీద తొక్కుతూనే ఉంది.

మొన్న షాపులో తీగల ప్యాకెట్టు వెతుకుతూ సేటు కొడుకు, పిల్ల విసుక్కుంటోందని, ఒక చిన్న గిటార్ తీసి దాని చేతిలో పెట్టాడు. నాకు వెంటనే భయం వేసింది. కింద పడేస్తుందేమో, తీగ కంట్లో గుచ్చుకుంటుందేమో, ఇంకా అసలు భయం, ఎవరైనా నవ్వుతారేమో. పిల్ల స్టూలు మీద కూర్చుని గిటార్ ఒడిలో పెట్టుకుంది. మెడ ఎడమచేతిలోకి, కుడిచెయ్యి తీగల మీదికి. తిన్నగా. ఎవరూ సరిచేయాల్సిన పని లేకుండా. నేను రోజూ పాడే పాటలో రెండు వరసలు వాయించింది.

“అరె! మస్తు పట్టుకుంది మేడం. ఏ సార్ దగ్గర నేర్పిస్తున్నరు?” అన్నాడతను.

“సార్ ఎవరూ లేరు. ఇంట్లో నేను వాయిస్తుంటే చూసింది, స్కేలు మీద వేళ్లు పెట్టుకుంటూ.”

అతను ఉత్సాహంగా ఇంకో గిటార్ తీసి నాకు అందించాడు. నేను పట్టుకున్నాను, నా పద్ధతిలో. అతని నోటి నుంచి ఆ మాట రావడానికి క్షణం పట్టలేదు. “ఉల్టా పట్టుకున్నరు మేడం.” తండ్రి గొంతే.

నేను నోరు తెరిచేలోపు నా కూతురు తల ఎత్తింది. “ఉల్టా కాదంకుల్. మా అమ్మ గట్లనే పట్టుకుంటది. నేను అమ్మకు ఎదురుంగ కూసుంట గదా, నాకు సీదా కనిపిస్తది” అంది. అతనికి అర్థమైందో లేదో నాకు తెలియదు. మైకు అతను అప్పుడే మళ్లీ “హలో, చెక్” అన్నాడు.

ఈ మాటతో నా కోపం చల్లారిందని రాస్తే అబద్ధం అవుతుంది. చల్లారలేదు. ఆ పిల్లకు ఒక్క సాయంత్రం కూడా వృథా కాకుండా వచ్చిన విద్య నాకు ఎన్నేళ్లు ఆలస్యమైందో తలచుకుంటే ఇంకా ఎక్కువైంది. తీగలతోపాటు పిల్ల వాయించిన ఆ చిన్న గిటార్ కూడా కొన్నాను. ఇంటికి వచ్చి నా గిటార్‌కు కొత్త తీగలు బిగించాను, నా వైపుకు. పిల్ల చాప తెచ్చి పరిచి నా ఎదురుగా కూర్చుంది. పాట అయ్యాక లేచి చాప దులపబోయింది. “వద్దు, ఉండనీ. ముందు నీ గిటార్ పట్టుకో” అన్నాను.